పట్టు కొంగు మీద విమానాలు

ఆ పుస్తకాన్ని నేను చదువుదామని కొనలేదు, బరువు చూసి కొన్నాను. తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో లారీలకు లోడు ఎక్కించే పని నాది. ఏ వస్తువు కనిపించినా ముందు ఎత్తి చూస్తాను, ఆ తర్వాతే అదేమిటో చూస్తాను. అనంతపురం గడియార స్తంభం దగ్గర పాత పుస్తకాలు పరిచి కూర్చున్న మనిషి ముందు, పోటీ పరీక్షల గైడ్ల మధ్యలో, అదొక్కటే కడప రాయిలా పడి ఉంది. ఎత్తాను. ఇంత బరువున్నదాంట్లో ఏదో ఒకటి ఉండకపోదు అనిపించింది.

ఉన్నవి బొమ్మలు. మన దేశం నుంచి మొట్టమొదట సముద్రాలు దాటిన విమానాల కంపెనీ చరిత్ర మొత్తం ఫోటోల్లో. కంపెనీ పేరు చెప్పను. చెబితే మీలో ప్రతి ఒక్కరికీ తమ మొదటి విమాన ప్రయాణం గుర్తొస్తుంది, ఇక నా మాట ఎవరూ వినరు. ఉత్తరాల మూటలు మోసిన బుల్లి విమానంతో పుస్తకం మొదలవుతుంది. దాని పక్కన నిలబడ్డ పైలట్ మొహం విడిదింట్లో కాఫీ అందని పెళ్ళికొడుకు మొహంలా ఉంది. తర్వాత పేజీ పేజీకీ విమానాలు పెద్దవవుతాయి, నిచ్చెనలకు తివాచీలు వస్తాయి, లోపల కోటు వేసుకున్న పెద్దమనుషులు కాలు మీద కాలేసుకుని దర్జాగా సిగరెట్లు తాగుతుంటారు. విమానంలో సిగరెట్టు! నేను మా ఫ్యాక్టరీ గేటు బయట కాలిస్తేనే వాచ్‌మన్ ఈల వేస్తాడు.

కొన్నది మా అక్క కూతురి కోసం. పిల్లకు విమానంలో ఉద్యోగం వచ్చింది, ఎయిర్ హోస్టెస్‌గా. ఈ పుస్తకంలో ఉన్న కంపెనీ కాదు, నిన్న మొన్న పుట్టిన వేరే కంపెనీ. విమానంలో ఉద్యోగం అనగానే ధర్మవరంలో మా వీధిలో సగం మంది పైలట్ అనుకున్నారు. మిగతా సగం మంది ఏమనుకున్నారో రాస్తే బాగుండదు. పిల్ల మా వంశంలో ఎవరికీ రాని పొడుగు. ఎదుటివాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా ఉన్నమాట మొహం మీదే అనేస్తుంది. అది మాత్రం మా వంశంలో అందరికీ ఉంది.

పుస్తకం చేతికివ్వగానే పిల్ల దాంతో ఒక సెల్ఫీ తీసుకుంది. "సూపర్ మామా," అంది. మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది. మా అమ్మ తీసుకుంది.

మా అమ్మ నేతమనిషి. మా నాయన బతికి ఉన్నప్పుడు పేరు ఆయనది, చెయ్యి ఈమెది. షావుకార్లు వచ్చి "నీ చేతిలో ఏముందప్పా!" అని ఆయన్ని పొగుడుతుంటే ఆయన మీసం దువ్వుకునేవాడు, ఈమె గుంత మగ్గంలో కూర్చుని పళ్ళు నూరుకునేది. ఆయన పోయాక మోకాళ్ళు పట్టేశాయి, కంటికి ఆపరేషన్ అయింది, ఇక ఆ గుంతలోకి దిగొద్దని డాక్టరు చెప్పాడు. మగ్గం మీద టార్పాలిను పట్ట కప్పాం. పట్ట మీద ఉల్లిగడ్డల సంచి, ఆ పైన తిరగని ఫ్యాను పెట్టాం. మా ఇంట్లో రిటైర్మెంట్ అంటే అదే.

అమ్మకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా బస్సు బోర్డు చదివేంత వరకే. అయినా ఆ పుస్తకాన్ని భూతద్దం పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. నేను తాడిపత్రి నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోక ముందే పిలిచింది.

"ఒరేయ్, ఈ కంపెనీ కత నాకు అర్థమయిపోయిందిరా. మొదట్లో అంతా మొగోళ్ళే ఉండారు, ఒక్కని మొగంలోనూ కళ లేదు. ఆమైన ఆడపిల్లోళ్ళు వచ్చినారు, గౌన్లు ఏసుకున్నారు. అప్పుడూ కళ లేదు. ఇదో, ఈడ చూడు. ఈడ పట్టుకోకలు కట్టినారు. కంపెనీ లేచింది ఈ పేజీలోనే."

"కొత్త విమానాలు కొన్నారు మా, అందుకు లేచింది."

"గమ్మునుండు. బండలెక్కించేటోనికి నీకేం తెల్సు."

ఆ తర్వాత పేజీలన్నీ నాకు వివరించింది. ఈమె కట్టింది కంచి అంచు. ఈమె కొంగు మనవైపుదే, అనుమానమే లేదు. ఈమెది ఎక్కడిదో గానీ కుచ్చిళ్ళు చూస్తే ఎవరో మగవాడు కట్టినట్టు ఉన్నాయి. వెనక ఎవరో దేశాధ్యక్షుడు చెయ్యి ఊపుతూ విమానం దిగుతున్నాడు. అమ్మ ఆయన్ని చూడనే లేదు. ఆయన భుజం పక్కన అంచు కనిపిస్తున్న పిల్లను చూసి, "పేక సరిగ్గా కొట్టలేదు వీళ్ళు, సోమరిపోతులు," అంది. చివరి పేజీల్లో నున్నటి నైలాను చీరలు రాగానే పుస్తకం టప్పున మూసింది. "ఇంగేముండాది. అయిపోయింది," అంది. ఆ కంపెనీ చరిత్ర రాసినవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే ఎంత కాగితం మిగిలేదో.

మూసిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "బిడ్డ మొదటిసారి విమానమెక్కేటప్పుడు నేను నేసిన కోక కట్టుకొని ఎక్కాల," అని ప్రకటించింది.

పిల్ల వచ్చాక ఈ సంగతి చెప్పాం. అది ఉన్నమాట అనేసింది. "మాకు కోక లేదవ్వా. ప్యాంటు, కోటు."

"అబద్ధాలు చెప్పొద్దు. పుస్తకంలో ఉండాది."

"ఆ పుస్తకంలో ఉండేటోళ్ళంతా ఇప్పుడు నీకన్నా ముసిలోళ్ళు అవ్వా."

ఆ రోజు అమ్మ అన్నం సగమే తింది. సాయంత్రం నేను పక్కన కూర్చుంటే, నా వైపు చూడకుండా మగ్గం మీది ఉల్లిగడ్డల సంచితో చెప్పినట్టు చెప్పింది. "చిన్నప్పట్నుంచి నేసినా. నేసినవన్నీ ఎవరెవరో కట్టుకున్నారు. మన ఇంటి బిడ్డ ఒంటి మీద నా చేతి కోక ఒక్కటి చూడలేదు. ఇంగొకటి నేసే సత్తువ ఉండాది, అంతే. అది దీనికి కట్టించి ఆకాశానికి పంపీయాలని ఆశరా నాకు."

మా అమ్మకు ఆశలు ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. తిట్లు మాత్రమే ఉంటాయనుకున్నాను.

పిల్ల తలుపు అవతల నిలబడి వింది. వచ్చి అవ్వ పక్కన కూలబడింది. ట్రైనింగు బొంబాయిలో, బెంగళూరు నుంచి విమానంలో పోవాలి. ఆ రోజు తను అందరిలాంటి ప్యాసింజరే, ఏదైనా కట్టుకోవచ్చు. "ఆ పొద్దు నీ కోకే కట్టుకుంటా అవ్వా. కట్టుకుంటా అంటే కట్టుకుంటా," అంది. మా అమ్మ అప్పుడు మిగతా సగం అన్నం పెట్టించుకుని తింది.

మర్నాడే పట్ట తీశాం. ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి గోడ మీద ఆనించి, మోకాళ్ళనీ, డాక్టర్నీ, మధ్యలో నన్నూ తిట్టుకుంటూ అమ్మ గుంతలోకి దిగింది. మా అక్క పక్కవీధి నుంచి వచ్చి, "ఈ వయసులో నీకిది అవసరమా మా?" అని రోజూ అడిగేది. రోజూ అడుగుతూనే పట్టు పోగు కండెలకు చుట్టి ఇచ్చి పోయేది. మా బావ మాట్లాడే మనిషి కాదు, కాబట్టి ఇక్కడ కూడా మాట్లాడడు.

మా ఊళ్ళో ఎండకు పట్టు పోగు అప్పడంలా విరుగుతుంది. మగ్గం గుంత తడిగా ఉంటేనే పోగు నిలుస్తుంది. ఆ ఏడు వానల్లేవు, వీధికి నీళ్ళు ట్యాంకరులో వస్తున్నాయి. వచ్చిన బిందెల్లో మొదటిది గుంత చుట్టూ చిలకరించేది అమ్మ. రెండోది తాగడానికి. "స్నానమో?" అంటే, "నువ్వు పెండ్లికొడుకువా రోజూ స్నానం చేసేకి?" అనేది. తాడిపత్రిలో మా ఫ్యాక్టరీలో బండల మీద నీళ్ళు ధారలుగా పోస్తారు. కొన్నాళ్ళు అక్కడే ఒళ్ళు కడుక్కుని వచ్చాను.

చీర ఒళ్ళంతా పాత బుటాలే, మామిడి పిందెలు. కొంగు మీద మాత్రం విమానాలు ఉండాలంది. పుస్తకంలోంచి నాలుగు ఫ్యాన్ల పాత విమానం ఒకటి ఏరి, దాని మీద పల్చటి కాగితం పెట్టి గీయించింది. అట్టలు కొట్టే భాయ్‌ని పిలిపించాం. డిజైనంతా అట్టల మీద చిల్లులుగా కొట్టి, ఆ అట్టల్ని దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో అవే చెబుతాయి. భాయ్ ఆ పనిలో తలపండిన మనిషి. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి గడ్డం గోక్కున్నాడు.

"నెమలి కొట్టినా, ఏనుగ కొట్టినా, ఒకసారి ఒక లీడరు మొగం గూడా కొట్టినా అమ్మా. విమానం ఇదే మొదలు. ముక్కు ఎటు పెట్టాల?"

గుంతలో కూర్చున్న అమ్మ చెయ్యెత్తి తన ఎదురుగా, సాగదీసి కట్టిన పడుగు పోగుల వైపు చూపించింది. "అటు. ఇంగెటు? నా మీదికి వస్తాదా ఏం విమానం?"

భాయ్ ఏదో అనబోయాడు. అమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సరేమ్మా, నీకు తెలీనిదా," అని వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేత తెలియని వాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మగ్గంలో కూర్చున్నవాళ్ళకు ఎదురుగా పడుగు ఉంటుంది. నేసిన గుడ్డ ఒళ్ళోకి వచ్చి దోనె కర్రకు చుట్టుకుంటుంది. పని ఎప్పుడూ ఎదురుగానే సాగుతుంది కాబట్టి, పోయేది ఏదైనా అటే పోవాలని నేతవాళ్ళ బుర్ర. పైగా మా మగ్గంలో చీర బోర్లా నేస్తారు. నేసేవాళ్ళకు కనిపించేది వెనకవైపు, జరీ పోగుల చిక్కు. మా ఇంట్లో కొంగు అన్నిటికంటే చివర నేస్తారు, కట్టుకుంటే కిందికి వేలాడే కొస అదే. మామిడి పిందెకు ముక్కు ఎటున్నా అడిగేవాడు లేడు. నెమళ్ళయితే ఒకదాన్నొకటి చూసుకుంటూ అడ్డంగా నిలబడతాయి. ఏది ఎటు పోతోందన్న ప్రశ్న మా వీధిలో ఏ చీరకూ ఇంతవరకు రాలేదు. కాబట్టి ఎవరికీ తట్టలేదు. నేతవాళ్ళ ఇంట్లో పుట్టి, రోజూ ఆ మగ్గం పక్కనే కూర్చుని టీ తాగిన నాకూ తట్టలేదు.

పిల్ల ప్రయాణం రేపనగా చీర మగ్గం దిగింది. ఒళ్ళు నెమలికంఠం రంగు, కొంగు కుంకుమ రంగు. మా అక్క తన చేత్తో కూతురికి కట్టి, కుచ్చిళ్ళు సర్ది, కొంగు భుజం మీంచి వెనక్కి వేసింది. ఎదురుగా చూస్తే పిల్ల ఏ దేవతకూ తీసిపోలేదు. అమ్మ మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, "తిరుగు, తిరుగు, కొంగు చూడాల," అంది.

పిల్ల తిరిగింది.

కొంగు నిండా బంగారు విమానాలు, వరసకు వరస. అన్నీ ముక్కు నేలకు పెట్టి, పిల్ల భుజం మీంచి మడమల వైపు దూసుకుపోతున్నాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా పైకి చూడటం లేదు.

పిల్ల ఫోను వెనక్కి పట్టుకుని ఫోటో తీసుకుని చూసుకుంది. చూసి, నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "అవ్వా! అన్నీ కూలిపోతాండాయి అవ్వా!"

"నవ్వుతావేందే! నోట్లో మన్ను పడ!" అని అక్క అరిచింది. "అపశకునం! పొద్దున్నే విమానమెక్కే బిడ్డకు ఇదా కట్టించేది?"

మా అమ్మ కింద పడ్డా పైచేయి నాదే అనే రకం. "కూలేది కాదు, దిగేది," అంది తొణక్కుండా.

"ముక్కు నేలకు పెట్టి దిగుతాదా మా?"

"కాకి దిగలేదా?"

పిల్ల కళ్ళు తుడుచుకుంటూ, "దిగేటప్పుడు ముక్కు పైకే ఉంటాదవ్వా. ఎనక చక్రాలు ముందు తగలాల," అంది.

"ఉద్యోగంలో చేరనే లేదు, అప్పుడే నాకు నేర్పిస్తావా?"

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందంట, అని గాల్లోకి ఒక మాట వదిలి తల దించేసుకుంది. మేం మాత్రం అన్ని రకాలుగా కట్టి చూశాం. మార్వాడీల మాదిరి కొంగు ముందుకు తెచ్చాం. విమానాలు పొట్ట మీద పడ్డాయి. కుడి భుజం మీద వేశాం, అటు పక్క పడ్డాయి. పిల్ల తలకిందులుగా నడిస్తే తప్ప అవి లేవవని నేనన్నాను. ముగ్గురు ఆడవాళ్ళు ఒకేసారి నన్ను చూశారు. ఆ చూపుకు నేను బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాను.

లోపల గొడవ అప్పుడు ముదిరింది. అక్క గొంతు వీధి చివరికి వినబడుతోంది. "నా పెండ్లికి నేస్తా నేస్తా అని, మగ్గం మీదున్న కోక షావుకారి పాలు చేసినావు. నేను నైలాను కోకతో పీటల మీద కూర్చున్నా, ఒక్క మాట అన్లేదు. ఇప్పుడు నా బిడ్డకు నేసినావంటే, ఇట్లాంటిదా? ఇది కట్టుకొని నా బిడ్డ విమానమెక్కేది లేదు. అంతే."

తర్వాత అమ్మ గొంతు, చాలా మామూలుగా. "పాత జరీ కొనేటోడు వస్తే ఇచ్చేయండి. కాల్చుకొని వెండి తీసుకుంటాడు."

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. మా అక్క పెళ్ళి సంగతి ఇన్నేళ్ళుగా ఆమె మనసులో ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నాకు ఇద్దరి మీదా జాలి వేసింది, ఇద్దరి మీదా కోపం కూడా వచ్చింది. ఎవరి పక్షం చేరినా రెండోవాళ్ళు బతకనివ్వరు గనక రెండూ మింగేశాను.

పొద్దున కారు వచ్చి హారను కొడుతుంటే పిల్ల లోపల్నుంచి వచ్చింది. ఆ చీరే కట్టుకుంది. ఎవరి సాయం లేకుండా, యూట్యూబు చూసి, కుచ్చిళ్ళు ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా కట్టుకుంది.

"తీసెయ్," అంది అక్క.

"కట్టుకుంటా అని మాటిచ్చినా కదమ్మా."

"ఏమన్నా అయితే?"

"కోకల వల్ల విమానాలు పడేటట్టయితే ధర్మవరం వాళ్ళని ఏ ఏర్‌పోర్టులోకీ రానియ్యరు," అని పిల్ల పోయి కారులో కూర్చుంది. అక్క కాసేపు వాకిట్లో నిలబడింది. తర్వాత వంగి కూతురి కుచ్చిళ్ళు సరిచేసి, పక్కన కూర్చుంది. అమ్మ ఆ పక్కన కిటికీ దగ్గర. నేను డ్రైవరు పక్కన, ఇద్దరు మాట్లాడని ఆడవాళ్ళను, ఆగకుండా మాట్లాడే ఒక పిల్లను వెనక పెట్టుకుని. పెనుకొండ దాటి, చిలమత్తూరు దగ్గర చెక్‌పోస్టు దాటి, కర్ణాటకలోకి పోయాం.

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను టిక్కెట్టు ఉన్నవాళ్ళే లోపలికి అన్నాడు. మా అమ్మ తనకొచ్చిన కన్నడమంతా బయటికి తీసి, ఆ చీర నేసింది తనేననీ, కొంచెం దూరం పోయి వచ్చేస్తాననీ వాదించింది. ఆ జవాను హిందీవాడు. కన్నడం ముక్క రాదు. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి తెలియకుండానే కాసేపు పోట్లాడుకున్నారు.

పిల్ల ముగ్గురి కాళ్ళకూ మొక్కి, పెట్టె లాక్కుంటూ లోపలికి నడిచింది. అద్దాల అవతల జనంలో ఆ కుంకుమరంగు కొంగు చాలాసేపు కనిపించింది. విమానాలన్నీ అలాగే, నేలకు. నేను నవ్వుతూ ఏదో అనబోయి అమ్మను చూశాను. మొహం పాలిపోయి ఉంది. చెయ్యి నా చొక్కా పట్టుకుని ఉంది. దిగేటివి, కాకులు, అన్న ఆ బుకాయింపు అంతా ఎక్కడికో పోయింది.

అప్పుడర్థమైంది నాకు. రాత్రంతా భయపడింది అక్క కంటే ఈమే.

తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన కారు ఆపించింది. విమానాలు లేచేది అక్కణ్ణుంచి కనిపిస్తుంది. లేచిన ప్రతిదానికీ "ఇదేనా?" అని అడిగింది. ఏదో ఒకదానికి అవునన్నాను, లేకపోతే సాయంత్రం దాకా అక్కడే ఉండేవాళ్ళం. అది మబ్బులో కలిసిపోయేదాకా తలెత్తి చూసింది. కారెక్కాక మంచినీళ్ళ సీసా ఇస్తే వద్దంది.

చిలమత్తూరు దాటాక ఒక హోటల్లో కూర్చున్నాం. బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెప్పాను. ప్లేట్లు వచ్చాయి. అక్క ఒకవైపు చూస్తోంది, అమ్మ ఇంకోవైపు. నేను ఒక్కణ్ణే తింటున్నాను, దున్నపోతు మీద వాన పడ్డట్టు. ఉన్నట్టుండి అమ్మ ప్లేటు పక్కకు జరిపి అక్క వైపు తిరిగింది.

"ఎదురే నేసినానే, తలకిందులు," అంది. "ఆ భాయ్ అడిగినప్పుడే ఆలోచన చేయాల్సింది. పోగులే చూసుకున్నా గానీ బిడ్డ వీపు మీద ఎట్ల పడతాదో చూడలేదు. దిగేటివి అని ఊరికే అన్నా. అది తెలిసి తెలిసి కట్టుకొని పోయిందే. నా మాట కోసరం. దానికేమన్నా అయితే…" మా అమ్మ ఒక తప్పు ఒప్పుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

అక్క ఫోను బల్ల మీద పెట్టి దాన్నే చూస్తోంది. అమ్మ కూడా దాన్నే చూస్తోంది. నేనూ చూశాను. హోటలాయన వచ్చి బజ్జీలు బాగాలేవా అని అడిగి, తనూ ఒకసారి ఫోను వైపు చూసి పోయాడు.

ఫోను మోగింది. అక్క చెయ్యి దాని మీద పడింది, ఎత్తబోయి ఆగింది. ఫోను అమ్మ వైపు తోసింది.

"నువ్వే మాట్లాడు మా."

నేనే నొక్కి స్పీకరు పెట్టాను. "అవ్వా, దిగినా!" అంది పిల్ల. వెనక ఏదో హిందీలో అనౌన్సుమెంటు. "వినిపిస్తాందా? దిగినా అవ్వా. పక్క సీట్లో ఒకామె నీ కొంగు చూసి ఒకటే నవ్వు. ఎవరు నేసినారు అని అడిగింది. మా అవ్వ నేసింది, ఎదురు నేసింది అని చెప్పినా. లేపి నిలబెట్టి ఫోటో తీసుకొనింది."

"ఎదురని ఎందుకు చెప్పినావే?" అనబోయింది అమ్మ. సగం మాటకే ఏడుపు వచ్చేసింది. హోటల్లో అందరూ చూస్తుండగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. నేను చూడలేక టీ చెప్పే నెపంతో లేచాను.

టీలు పట్టుకుని వచ్చేసరికి ఫోను పెట్టేశారు. అక్క తన కుర్చీ అమ్మ పక్కకు జరుపుకుంది. అమ్మ ముక్కు తుడుచుకుంటోంది.

"నీకే నేయకపాయినా కదే," అంది అక్కతో.

అక్క బజ్జీ తుంచి అమ్మ ప్లేటులో పెట్టింది. ఇక ఆ గుంతలోకి దిగే సత్తువ అమ్మకు లేదని అక్కకు తెలుసు. పొద్దున అమ్మను కారు ఎక్కించడానికే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.

"ఇప్పుడు నెయ్యి, ఎవరొద్దన్నారు," అంది అక్క. "విమానాలు మాత్రం వద్దు. నెమళ్ళు నెయ్యి. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్రంచు. నిదానంగానే నెయ్యిలే, నాకేం తొందర లేదు."

"ఆకుపచ్చ నీ ఒంటికి నప్పదు," అంది అమ్మ, బజ్జీ నోట్లో పెట్టుకుంటూ.